పాపాల డబ్బా

"ఇదిగో, చివరిసారి చెబుతున్నా. పళ్ళాలు మోసే ఈ ఉద్యోగం ఇవాళ్టితో మానేస్తున్నా," అంటూ అత్తగారు పళ్ళాన్ని బల్ల మీద దబ్బున పెట్టింది. చెంచా ఎగిరి కింద పడింది. తీయడానికి ఎవరూ వంగలేదు.

తొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో ఇదే తంతు. మామగారు తన గదిలో తలుపేసుకుని తింటారు. కోడలు బల్ల దగ్గర తింటుంది. ఇద్దరి మధ్యా అత్తగారు పళ్ళాలూ మోస్తుంది, మాటలూ మోస్తుంది. పేపరు చదవడం అయిందేమో ఆయన్నడగండి అని ఇటునుంచి, కిటికీ వెయ్యమని ఆవిడతో చెప్పు అని అటునుంచి. మొన్నమొన్నటిదాకా ఇదే బల్ల మీద కాగితాలు పరుచుకుని, కూర చల్లారిపోయినా పట్టించుకోకుండా వాదించుకున్న మామాకోడళ్ళు వీళ్ళేనా అని అత్తగారికి ఒళ్ళు మండిపోతోంది.

"మీరు మోయకండి అత్తయ్యా. ఆకలేస్తే ఆయనే వస్తారు," అంది కోడలు, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

"ఆఁ, వస్తారు. సాయంత్రం బండికి కూతురింటికి పోతారట. పెట్టె సర్దుకుంటున్నారు. మళ్ళీ ఎప్పుడొస్తారో ఆయన్నే అడుగు."

కోడలు అప్పుడు తలెత్తింది.

"నాన్న పెట్టె సర్దడమా? తన సాక్సులెక్కడుంటాయో ఆయనకి తెలీదే," అన్నాడు కొడుకు. ఆయన పళ్ళ డాక్టరు. ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపిస్తాడు గానీ, ఇంట్లో ఆయన నోరు తెరిస్తే ఎవరో ఒకరు మూయిస్తారు. ఈసారి ఆ పని తల్లి చేసింది.

"నువ్వు కాఫీ తాగి పోరా. అమ్మాయ్, నన్ను చూసి చెప్పు. అసలీ గొడవేమిటి? వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి గానీ ముక్క అర్థమైతే ఒట్టు."

కోడలు నిట్టూర్చింది. ఇది ఎన్నోసారో ఆవిడకే గుర్తులేదు.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ చిన్న చిన్న సంచులుంటాయి అత్తయ్యా. పెరాక్సిసోములంటారు. కొవ్వునీ విషాన్నీ కరిగించి శుభ్రం చేస్తాయి. పాత సంచి పెరిగి రెండుగా చీలితేనే కొత్త సంచి పుడుతుందని మామయ్యగారు ముప్పై ఏళ్ళు పాఠం చెప్పారు. నా దగ్గర ఒక పసిబిడ్డ చర్మం నుంచి తీసిన కణాలున్నాయి. ఆ బిడ్డకి పుట్టుకతోనే ఒక జన్యువు చెడిపోయి, కణాల్లో ఆ సంచులు ఒక్కటి కూడా లేవు. నేను ఆ జన్యువు మంచిది, వెలిగే రంగు తగిలించి ఎక్కించాను. కొన్ని గంటలకి సంచులు వాటంతటవే పుట్టుకొచ్చాయి. మైటోకాండ్రియా నుంచి కొన్ని బుడగలు, కణం లోపలి వల నుంచి కొన్ని బుడగలు వచ్చి కలిసిపోతే కొత్త సంచి తయారైంది. నేను సినిమా కూడా తీశాను."

"అంటే రెండిళ్ళ సామాను కలిపి కాపురం పెట్టారు. దీనికింత రాద్ధాంతమా?"

"ఆయన ఒప్పుకోవాలిగా!"

"ఒప్పుకోకపోతే? నలభై మంది ముందు మామగారిని కళ్ళద్దాలు మార్చుకోమంటావా?"

కోడలికి సర్రున కోపం వచ్చింది. వచ్చిన కోపం అత్తగారి మీద కాదు, ఆ రోజు సెమినార్ హాలు మీద. సినిమా చూపించి, అందరూ చప్పట్లు కొడుతుంటే, మొదటి వరసలోంచి మాస్టారు లేచారు. ల్యాబులో మామగారు అందరికీ మాస్టారే, కోడలికి కూడా. "చీకట్లో ఊరుంది. కరెంటొచ్చింది. దీపాలు వెలిగాయి. ఊరు ఇప్పుడే పుట్టిందంటావా?" అన్నారు. నలుగురూ నవ్వారు. అంతటితో ఊరుకున్నారా? "ఆ పక్క కణాల్ని చూశావా అమ్మా?" అని మళ్ళీ అడిగారు. ఆవిడ సినిమా ఆపి, తెర మీద వేలు పెట్టి, "పక్కవన్నీ చీకటిగానే ఉన్నాయి సార్. కనబడకపోతే కళ్ళద్దాలు మార్చుకోండి," అంది. అనేశాక గానీ ఏమన్నదో తెలియలేదు.

"పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారి మెచ్చుకోలేదాయన. ఆ ఒక్కరోజైనా కూర్చోలేకపోయారా?" అంది.

"ఆ మాటే లోపలికెళ్ళి చెప్పు. నాకెందుకు చెబుతావు?"

"ఇవాళ నాకు చావడానికి కూడా తీరిక లేదత్తయ్యా. ఐదింటికల్లా సైన్సు పత్రిక వాళ్ళకి జవాబు పంపాలి. పంపకపోతే వ్యాసం వెనక్కి కొట్టేస్తారు. నాలుగేళ్ళ పని."

గది తలుపు అవతల ఏదో కింద పడి పగిలిన చప్పుడైంది. గ్లాసు కాబోలు. ముగ్గురూ అటు చూశారు. "ఏం లేదు, ఏం లేదు, ఎవరూ రావద్దు," అని లోపల్నుంచి గొంతు వినబడింది. అత్తగారు చీపురు తెచ్చి తలుపు బయటే నిలబడింది. తలుపు తెరుచుకోలేదు.

*

ల్యాబు ఇంటి వెనక వీధిలోనే. నడిస్తే ఐదు నిమిషాలు, కోపంగా నడిస్తే మూడు.

పత్రిక వాళ్ళు పంపిన ప్రశ్నల్లో అన్నిటికీ జవాబు రాసేసింది కోడలు. ఒక్కటే మిగిలింది. సినిమా తీసిన కణాలు నిజంగా సంచులు లేనివేనని ఏమిటి నమ్మకం? మామూలు కణాల్లో అప్పటికే ఉన్న సంచులకి మీరు ఎక్కించిన రంగు అంటుకుని, కొత్తగా పుట్టినట్టు కనబడి ఉండవచ్చు కదా? ఆ కణాలు ఏ సీసాలోంచి వచ్చాయో, ఆ రోజు ల్యాబు పుస్తకం పేజీ ఫొటో తీసి పంపండి. మాస్టారి కరెంటు పోలికే, కాకపోతే మర్యాదగా ఉంది.

"అక్కా, ఆ రోజు సీసాల మీద పేర్లు నువ్వే రాశావు కదా?" అని అడిగింది, పక్క గదిలోకి తొంగి చూసి.

అక్కంటే సీసాలక్క. ఇరవై రెండేళ్ళుగా ఆ ల్యాబులో కణాల్ని పెంచేది ఆవిడే. మీడియం, అంటే కణాలు బతికే పోషక ద్రవం, మార్చడాన్ని మేత వెయ్యడమంటుంది, కణాల్ని పిల్లలంటుంది. పిల్లల విషయంలో ఎవరు తప్పు చేసినా వదలదు.

"ఏ రోజు?" అంది సీసాలక్క. తేదీ చెప్పగానే బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. "నేనెక్కడున్నాను మేడమ్? మీవారు నా దవడ పన్ను పీకిన రోజది. మర్నాడు వాచిన మొహంతో వచ్చి చూస్తే నాకు మతిపోయింది. పిల్లల్ని కొత్త సీసాల్లోకి మార్చారు, సరే. సీసాల ఒంటి మీద ఒక్క అక్షరం లేదు. రాతంతా మూతల మీద! మూతలు తీస్తాం, పెడతాం. తారుమారైతే ఏ పిల్ల ఎవరో దేవుడికే తెలియాలి. మూతల మీద ఉన్నదే నమ్మి మళ్ళీ ఒంటి మీద రాసుకున్నాను. మూతలు మాత్రం దాచాను."

"ఎందుకు?"

"ఎందుకేమిటి, డబ్బాలో వెయ్యడానికి."

ఆ డబ్బా సంగతి ల్యాబులో అందరికీ తెలుసు. పాత బిస్కెట్ల రేకు డబ్బా. పేరు లేని గొట్టాలు, తేదీ మరిచిన ప్లేట్లు, ఎవరో కాలుతున్న స్టవ్ పక్కన వదిలేసిన గ్లవ్‌లు, ఎవరి ఘనకార్యమైనా సాక్ష్యం అందులో చేరుతుంది. ఏడాది చివర్న సీసాలక్క అందర్నీ నిలబెట్టి ఒక్కొక్కటీ బయటికి తీసి చూపిస్తుంది. డైరెక్టరైనా సరే చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. దానికి పాపాల డబ్బా అని పేరు.

సీసాలక్క అడుగునుంచి వెతికి రెండు మూతలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకదాని మీద 'ఖాళీ', అంటే సంచులు లేని బిడ్డ కణాలు; ఒకదాని మీద 'నిండు', అంటే పోలిక కోసం పెంచే మామూలు కణాలు.

"మీరే రాశారనుకున్నా. ఏడాది చివర దాకా ఆగుదామని ఊరుకున్నా," అంది.

కోడలు 'ఖాళీ' మూత చేతిలోకి తీసుకుంది. ఖ కి పొడుగ్గా తోక లాగి ఉంది. అలా తోక లాగేది ప్రపంచంలో ఒక్కరే. కానీ ఆ తోక ఎప్పుడూ బాణంలా ఉండేది. ఇది సిరాలో పడిన చీమ నడిచినట్టు వంకరటింకరగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. గీజరు బాగుచేసే మనిషి తాళం వేసిన ఇంటి ముందు నిలబడి ఫోను చేశాడు. అతన్ని రమ్మన్న మొగుడుగారు హాయిగా క్లినిక్‌కి వెళ్ళిపోయారు, అత్తగారు ఊళ్ళో లేరు. "నువ్వెళ్ళు అమ్మాయ్, కణాలు నేను మారుస్తాలే," అన్నారు మాస్టారు. రిటైరై ఆరేళ్ళయినా ఆయన రోజూ వస్తారు. కణాలు మార్చడం ఆవిడకి నేర్పిందే ఆయన. పేరు ఒంటి మీద రాయాలి, టోపీ మీద కాదని మొదటి రోజు చెప్పిందీ ఆయనే.

మరి టోపీ మీద ఎందుకు రాశారు? గుండ్రటి సీసా మీద రాయడం కష్టం. బల్లపరుపు మూత మీద తేలిక. ఎవరికి తేలిక? చెయ్యి నిలవనివాళ్ళకి.

పొద్దున పగిలిన గ్లాసు చప్పుడు ఆవిడ చెవిలో ఇప్పుడు మోగింది. గదిలో తలుపేసుకుని తినడం, సగం కప్పే పొయ్యమని గొడవ, బొత్తాల చొక్కాలు మానేసి టీషర్టులు. అన్నీ చూసింది, ఒక్కటీ పట్టించుకోలేదు. అవన్నీ తన మీద అలకనుకుంది. ఎంత పొగరు! అందరి అలకా నా మీదే ఎందుకవ్వాలి అని తన్ను తానే తిట్టుకుంది.

రెండో ఆలోచన కూడా వచ్చింది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ వచ్చింది. ఈ మూతల్ని మళ్ళీ డబ్బాలో పడేసి, జవాబు పంపేస్తే ఎవరికీ తెలీదు.

మూతలు రెండూ పిడికిట్లో బిగించి ఇంటికి బయల్దేరింది.

*

మాస్టారు మంచం మీద కూర్చుని ఉన్నారు. పెట్టె తెరిచే ఉంది. మడత పెట్టిన బట్ట ఒక్కటి లేదు, అన్నీ ఉండలు చుట్టి కుక్కారు. కోడలు అడక్కుండానే లోపలికి వెళ్ళి మూతల్ని ఆయన మోకాళ్ళ మీద పెట్టింది.

ఆయన వాటిని చూశారు. చేతులు తీసి తొడల కింద పెట్టుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది కోడలు.

"ఏమిటి ఎన్నాళ్ళ నుంచి?"

"సార్, నాకు విసుగు తెప్పించకండి. ఇప్పటికే నెత్తి దాకా ఉంది."

"ఏడాది," అన్నారు ఆయన.

తలుపు దగ్గర అత్తగారి గొంతు వినబడింది. "ఏమిటి ఏడాది?" ఆవిడ లోపలికి వచ్చి, మొగుడి చెయ్యి బయటికి లాగింది. ఆ చెయ్యి ఆవిడ చేతిలో వణుకుతూనే ఉంది. "చలిగా ఉందన్నారు. నిద్ర చాలలేదన్నారు. వేసంకాలంలో కూడా చలేనా అని అడిగితే నన్ను కసిరారు," అంది. "నాతో చెప్పడానికేమైంది? నేనేమైనా మీ శిష్యురాలినా పరువు పోవడానికి?"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"రెండు మూతలూ ఒకేసారి తీశాను అమ్మాయ్," అన్నారు చివరికి, కోడలితో. "తీయకూడదు. ఒకటి చేతిలోంచి జారి దొర్లింది. వంగి తీసేసరికి రెండోదాన్ని ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. ఏదో ఒకటి పెట్టాను. ఏది దేనికి పెట్టానో ఇప్పటికీ నాకు తెలీదు."

"మూడు నెలలైంది. మూడు నెలల్లో ఒక్కమాట!"

"చెబితే నా చేతిని మళ్ళీ సీసా మీద పడనిస్తావా?"

"పడనివ్వను. అందుకని నా నాలుగేళ్ళు గాల్లో దీపం చేస్తారా?"

"చెబుదామనే వచ్చాను సెమినార్‌కి. నువ్వు సినిమా వేశావు. అది చూశాక నా నోరు..." ఆయన మోకాళ్ళ మీది మూతల్ని చూశారు. "నీది నిజమైతే నేను ముప్పై ఏళ్ళు తప్పు పాఠం చెప్పినట్టు. నీది తప్పయితే ఆ తప్పు నా చెయ్యి చేసినట్టు. ఏది కోరుకోవాలో తొమ్మిది రోజులుగా నాకు తెలీడం లేదమ్మా."

కోడలికి ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు ఆయన్ని పట్టుకుని ఊపేయాలనీ అనిపించింది. ఈ పెద్దమనుషులు నోరు తెరిచి నాలుగు ముక్కలు చెబితే ఏం పోతుంది?

"అందుకే నిన్నడిగాను. పక్క కణాల్ని చూశావా అని," అన్నారు ఆయన, నేల చూస్తూ.

కోడలు బిక్కచచ్చిపోయింది. ఆయన అడిగింది ఎద్దేవా కాదు. సినిమా తీసిన గిన్నెలో పదిటికి ఎనిమిది కణాలకి జన్యువు ఎక్కనే లేదు. ఎక్కనివి ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. వాటికి వేరే రంగు వేసి చూస్తే, సీసాలో ఉన్నది ఏ కణాలో అవే సాక్ష్యం చెబుతాయి. సినిమా అయ్యాక ఆ గిన్నెని, కణాలు చెడిపోకుండా మందులో ఉంచి, ఫ్రిజ్‌లో దాచింది తనే. ఆయన దారి చూపిస్తే, తను కళ్ళద్దాలు మార్చుకోమంది.

గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. రంగు పట్టడానికి రెండున్నర గంటలు కావాలి.

"లేవండి సార్. చెప్పులేసుకోండి."

"నేనెందుకు? నువ్వు చేసుకోగలవు."

"చేయగలను. చూడలేను. ఒక్కదాన్నే చూడలేను."

"వెళ్ళండి," అంది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ. "పెట్టె నేను తీసేస్తాను. ఈ సర్దుడు చూస్తే మీ కూతురు కూడా ఇంట్లోకి రానివ్వదు."

*

ఆవిడ రంగు వేసింది, ఆయన పక్క స్టూలు మీద కూర్చుని చెప్పారు. నెమ్మదిగా పొయ్యి. అంచు మీంచి. ఇంకోసారి కడుగు. ఆవిడకి ఇవన్నీ తెలుసు. అయినా ఎదురు చెప్పలేదు.

నాలుగున్నరకి మైక్రోస్కోప్ గదిలో దీపం ఆర్పింది. ఎర్రటి రంగు కణమంతా పొగమంచులా పరుచుకుని ఉంటే ఖాళీ కణం. ఆవగింజల్లా చుక్కలు చుక్కలుగా ఉంటే మామూలు కణం. ఇంతే. నాలుగేళ్ళు ఇక్కడికొచ్చి ఆగాయి.

"ముందు మీరు," అంది.

ఆయన కళ్ళద్దాలు తీసి కన్ను ఆనించారు. మర తిప్పబోయారు. చెయ్యి వణికి బొమ్మంతా అలుక్కుపోయింది. ఇంకోసారి తిప్పారు. మళ్ళీ అంతే. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని మర మీద పెట్టారు.

"నువ్వు తిప్పు. నేను చూస్తాను."

ఆవిడ తిప్పింది. వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు. ఆయన ఊపిరి బిగబట్టడం తెలుస్తోంది. గిన్నెని పక్కకి జరిపించారు. మళ్ళీ జరిపించారు.

"సార్!"

"ఖాళీ," అన్నారు మాస్టారు. "పక్కవన్నీ ఖాళీ. ఆవగింజంత చుక్క లేదు." కన్ను తీయకుండానే అన్నారు. "పాతదేమీ లేకుండానే పుట్టింది అమ్మాయ్. చక్కగా పుట్టింది."

ఆవిడ కుర్చీలో కూలబడింది. ఆయన మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు. చూస్తే ఆయన నవ్వుతున్నారు, కళ్ళు మాత్రం నిండిపోయాయి. ముప్పై ఏళ్ళ పాఠం ఒక్క మాటతో వదిలేసిన మనిషి ఇంత తేలిగ్గా ఉంటాడని ఆవిడ అనుకోలేదు.

"ఊఁ, ఇంక రాయి. మూతల సంగతి కూడా రాయి. నా పేరు పెట్టే రాయి."

"పేరెందుకు సార్? మూతలు తారుమారై ఉండవచ్చని, అందుకే పక్క కణాల్ని చూశామని రాస్తే చాలు."

"చాలదు. సీసా మీద ఎవరి చెయ్యి పడితే వాళ్ళ పేరు పుస్తకంలో ఉండాలని నీకెవరు చెప్పారు? ఆ పేజీ ఎలాగూ అడిగారుగా. తియ్యి."

ఆవిడ ల్యాబు పుస్తకం తెచ్చి, తేదీ వెతికి, ఫొటో తీయడానికి ఫోను పైకెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని, వంగి చదివారు. "ఖాళీ, నిండు కణాలు కొత్త సీసాల్లోకి మార్చాను. సీసాల మీద పేర్లు రాశాను." కింద సంతకం. ఖ కి తోక లేదు. గుండ్రటి, కుదురైన అక్షరాలు.

వారమంతా వదిలేసి, ఆఖరి రోజున కూర్చుని ఏడు రోజులూ ఒక్కసారే రాసేయడం కోడలికి అలవాటు.

"ఆ పూట నువ్వు ఇక్కడ లేవుగా?" అన్నారు ఆయన.

"లేను."

"గీజరు దగ్గరున్నావు."

"అవును సార్."

"మరి ఈ సంతకం ఎవరిది?"

పొద్దున్నుంచి అందరి మీదా పడ్డ ఆవిడ విసుగంతా ఎటు పోయిందో తెలియలేదు. గడప దగ్గర సీసాలక్క నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో. మూతల కోసం వచ్చినట్టుంది, చంకలో రేకు డబ్బా ఉంది. ఆవిడ ఒకసారి పుస్తకం వైపు, ఒకసారి కోడలి వైపు చూసింది. వచ్చి, డబ్బాని ఆ పుస్తకం పక్కనే పెట్టి, మూత తీసింది.

ఐదు కావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది.